ఇబుసుకిలో చక్కబెట్టడమంటే

కినుయోకి టోక్యో ఆడవాళ్లంటే ఒళ్లుమంట. వాళ్లు ముద్దుముద్దుగా "ఇది కాస్త చేసిపెడతారా అండీ" అంటే చాలు, ఆమె చేతిలోని పార ఇసుకలోకి జానెడు ఎక్కువ లోతుగా దిగేది. పేరులోనే కినుక ఉంటే మనిషిలో లేకుండా ఎక్కడికి పోతుంది? అలాగని ఊరికే పుట్టిన కోపం కాదది. ఇరవై ఏళ్లుగా ఆరిపోకుండా ఊదుకుంటూ వస్తున్న కోపం.

ఆమె పని మనుషుల్ని పాతిపెట్టడం. నవ్వకండి, నిజంగానే. ఇబుసుకి సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక కింద వేడినీళ్లు పారుతుంటాయి, ఇసుకంతా పొగలు కక్కుతుంటుంది. పల్చటి నూలు కిమోనో కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చిన వాళ్లని గోతిలో పడుకోబెట్టి మెడదాకా ఆ వేడి ఇసుక కప్పాలి. ఒళ్లంతా చెమటలు కక్కి, కాలి బొటనవేలిలో కూడా గుండె కొట్టుకుంటున్నట్టు అనిపించాక వాళ్లే లేస్తారు. నడుం నొప్పులు పోతాయంటారు. పాతిపెట్టేవాళ్ల నడుం సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఈ పనిలో చేరి ఒక వసంతమే అయింది. అంతకుముందంతా పక్కనే ఉన్న యామగవా రేవులో, సూరచేపలు పొగబెట్టి ఎండబెట్టే కొట్టాల్లో చాకిరీ చేసింది. అక్కడ అందరూ ఊరివాళ్లే. ఆ కొట్టం మూతపడితే, ఈ ఇసుక పనిలోనే ఉన్న పాత స్నేహితురాలు మసూ అక్క పూచీపడి ఇక్కడికి తెచ్చింది. మేస్త్రి హమసాకి ఆమెను ఎగాదిగా చూసి, "సరే రమ్మను. కానీ బుట్టల జోలికి మాత్రం వెళ్లకూడదు" అన్నాడు. బుట్టలంటే అతిథులు గడియారాలు, ఉంగరాలు తీసి పెట్టుకునే వెదురు బుట్టలు. కారణం చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఊరందరికీ తెలిసిందే, కినుయో దొంగ.

దొంగ ఎలా అయిందో వినండి. అప్పుడామెకి పందొమ్మిదో ఏడు. జపాన్‌లో కొత్తగా పెళ్లయిన ప్రతి జంటా దక్షిణాదికి రైలెక్కే రోజులవి. ఇప్పుడంటే అందరూ హవాయికి ఎగిరిపోతున్నారు గానీ, అప్పట్లో ఇబుసుకి స్టేషన్లో రైలాగితే ప్లాట్‌ఫారమంతా కొత్త టోపీలు, కొత్త చేతిసంచులు, కొత్త సిగ్గులే. కినుయో ఒడ్డునున్న ఇసోజిమా విడిదిలో గదుల పని చేసేది. పక్కలు వెయ్యడం, భోజనం పళ్లేలు మొయ్యడం, టీ కలపడం. చురుకైన పిల్లని పేరు. పడవలున్న ఇంటినుంచి సంబంధం కూడా కుదిరింది.

టోక్యో నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి మెడలో ముత్యాల దండ తెగింది. అత్తగారు పెట్టిన దండ. గదంతా దొర్లిన ముత్యాలని కినుయోనే మోకాళ్ల మీద పాకి ఏరి రుమాల్లో పోసింది. పెళ్లికూతురు ఆ రుమాలు తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, "మేం వెళ్లేలోపు ఇది కాస్త చక్కబెట్టి పెట్టవూ" అంది. కినుయో చక్కబెట్టింది. రుమాలు ముడివేసి, వాళ్ల పెట్టె మూతకి లోపలివైపు కుట్టి ఉన్న గుడ్డజేబులో భద్రంగా పెట్టి, బొత్తాం పెట్టింది. మర్నాడు "చక్కబెట్టావా?" అని అడిగితే, "ఓ, అప్పుడే చక్కబెట్టేశానండీ" అంది. "అప్పుడేనా! ఎంతయింది?" అంటే, "ఛఛ, దానికి డబ్బులేమిటండీ" అని నవ్వింది. ఇంతలో పెళ్లికొడుకు రైలు తప్పిపోతుందని కేకలెయ్యడం, టాక్సీ రావడం, చేతులూపడం, అంతే.

ఆ సాయంత్రం వాళ్ల తర్వాతి మజిలీ మియజాకి నుంచి ఫోనొచ్చింది. మీ పనిపిల్ల దండ తీసుకుని తిరిగివ్వలేదని పెళ్లికూతురి ఏడుపు, పోలీసులకి చెప్తామని పెళ్లికొడుకు అరుపు. విడిది యజమానురాలు ఫుసాని ఊరందరూ అమ్మగారనే అంటారు. ఆవిడ పనివాళ్లందర్నీ వంటింటి ముందు నిలబెట్టి అడిగింది.

"దండేదే?"

"వాళ్ల పెట్టెలోనే చక్కబెట్టానమ్మగారూ."

"పెట్టంతా వెతికారట. లేదంటున్నారు."

"లేకపోవడమేంటి, మూతకి లోపల..."

"ఎదురు చెప్పకు!"

ఎదురు చెప్పకు. ఆ వైపు ఆడపిల్ల తల్లిపాలతోపాటు తాగే మాట అది. తండ్రి అంటాడు, అన్న అంటాడు, రేపు మొగుడూ అంటాడు, చివరికి సాటి ఆడదీ అంటుంది. అన్నాక ఇంక నోరు తెరవకూడదు. కినుయో తెరవలేదు. మూత మాట గొంతులోనే ఉండిపోయింది. ఆ పూటే పనిలోంచి తీసేశారు, ఆ వారంలోనే పెళ్లి సంబంధం తప్పిపోయింది. తర్వాత ఊళ్లో ఏ విడిది గుమ్మమూ ఆమెను ఎక్కనివ్వలేదు.

అవన్నీ ఆమె మింగింది. మింగుడుపడనిది వేరే ఉంది. కినుయోని గెంటేసిన మర్నాడే వాళ్లమ్మ ఇసోజిమా విడిది వెనక గుమ్మానికి వెళ్లి, నేల మీద నుదురానించి, "ముత్యాల ఖరీదు మేం తేలేం. నా ఒంట్లో ఓపికున్నంత కాలం మీ బట్టలు ఉతికిపెడతాను" అని మొక్కింది. ఫుసా సరేనంది. ఆనాటినుంచి అతిథుల కిమోనోలు, దుప్పట్లు, తలగడ గలీబులు, అన్నీ ఆ తల్లే. రాతి నేల మీద మోకాళ్లేసుకుని ఉతికి, చన్నీళ్లలో జాడించి, మగవాళ్లవి ఒక దండెం మీదా ఆడవాళ్లవి ఇంకో దండెం మీదా ఆరేసి వచ్చేది. చలికాలం వేళ్ల సందులు పగిలి నెత్తురొచ్చేది.

"నేను తియ్యలేదంటుంటే నువ్వెందుకే వెళ్లి చచ్చేది?" అని కినుయో అరిచేది.

"తీశావని వెళ్తున్నానా? ఊళ్లో తలెత్తుకు తిరగొద్దూ?" అనేది అమ్మ.

ఎన్నేళ్లు గడిచాయో, మోకాళ్లు పూర్తిగా పట్టేసి మంచం పట్టింది. పోవడానికి కొన్నాళ్ల ముందు కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇప్పుడేం కోప్పడన్లే. నిజం చెప్పు. తీశావా?" అంది. కినుయో "లేదమ్మా" అంది. అమ్మ తలూపింది. నమ్మి ఊపిందో, చచ్చేముందు కూతుర్ని నొప్పించడమెందుకని ఊపిందో, ఎవరు చెప్తారు? ఇప్పుడు కొండమీద సమాధి రాయి కింద ఉంది. రోజూ పనికి వచ్చేముందు కినుయో పైకి వెళ్లి పూలు మారుస్తుంది. మార్చిన ప్రతిరోజూ అదే ప్రశ్న, దానికి జవాబు చెప్పేవాళ్లు లేరు.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం ఇద్దరు టోక్యో ఆడవాళ్లు వచ్చారు. నడివయసువాళ్లు, బొద్దుగా, నవ్వుమొహాలతో. ఒకావిడని మసూ అక్క పడుకోబెట్టింది. రెండో ఆవిడ కినుయో గోతిలోకి వచ్చింది. పేరు మినెకో అని స్నేహితురాలు పిలుస్తుంటే తెలిసింది.

"అమ్మో, మండుతోందండీ! కాల్చి తినేస్తారా ఏంటి?" అంది మినెకో.

"మాకిక్కడ సూరచేపలున్నాయిలెండి" అంది మసూ అక్క. ముగ్గురూ నవ్వారు. కినుయో నవ్వలేదు. పారతో ఇసుక తీసి కాళ్ల మీద, పొట్ట మీద, చేతుల మీద వేసి తట్టింది. మెడదాకా నిండాక వెళ్లబోతుంటే మినెకో పిలిచింది. తలకి చుట్టిన తువ్వాలు వదులై కళ్లమీదికి జారింది. చేతులేమో ఇసుక కింద ఉన్నాయి.

"ఏమండీ, ఈ తువ్వాలు కాస్త చక్కబెడతారా?"

కినుయో తువ్వాలు లాగి, నాలుగు మడతలు పెట్టి, అవతల గట్టున ఉన్న మినెకో బుట్టలో పెట్టింది. చక్కబెట్టమంటే మరి అంతేగా? చెయ్యి బుట్టలో ఉండగానే హమసాకి కేక వినిపించింది.

"కినుయో! బుట్టల దగ్గర నీకేం పని? ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

ఒడ్డున ఉన్న వాళ్లందరూ తలలు తిప్పారు. ఇసుకలోంచి బయటికొచ్చి ఉన్న తలలన్నీ ఆమెనే చూశాయి. కినుయోకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆవిడే చక్కబెట్టమంది! అడగండి, నోరుందిగా ఆవిడకి!"

మినెకో ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తల వెనక జుట్టంతా ఇసుక. ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలెట్టింది. ఎంత నవ్విందంటే పొట్ట మీది ఇసుక బీటలు వారింది.

"మేస్త్రిగారూ, ఆవిడనేం అనకండి, తప్పు నాదే. అత్సుమీ, చూశావా, మళ్లీ అదే! ఈ ఊళ్లోనే, అదే మాట!"

"ఏ మాట?" అంది పక్క గోతిలోంచి స్నేహితురాలు.

"చక్కబెట్టమన్నాను కదా. మన వైపు చక్కబెట్టడమంటే ఏంటి? జారింది సరిగ్గా పెట్టడం, విరిగింది అతికించడం, తెగింది గుచ్చడం. బాగుచెయ్యడం. వీళ్లకి చక్కబెట్టడమంటే తీసి లోపల పెట్టెయ్యడం! ఇది తెలియక నా పెళ్లప్పుడు పెద్ద గొడవే అయింది."

హమసాకి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కినుయో కదల్లేదు. పార మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

"ఏం గొడవ?" అంది.

మినెకోకి చెప్పడం సరదా. వెచ్చటి ఇసుకలో పడుకున్నవాళ్లకి మాటలు ఆగవు. "మేం కూడా అందరిలాగే పెళ్లయ్యాక ఇక్కడికే వచ్చామండీ. మా అత్తగారిచ్చిన ముత్యాల దండ తెగిపోయింది. విడిదిలో ఒక పిల్ల ఉండేది, బంగారం లాంటి పిల్ల, తనే ఏరిపెట్టింది. రేపటికి చక్కబెట్టమని ఇచ్చాను. అంటే ఏ కొట్లోనైనా గుచ్చించమని కదా. చక్కబెట్టేశానంది. డబ్బులడిగితే వద్దంది. నేనేమో గుచ్చించి తన దగ్గరే ఉంచిందనుకున్నాను. రైల్లో గుర్తొచ్చి గుండాగినంత పనైంది. పెట్టంతా వెతికాను, లేదు. మావారు ఫోన్లో ఆ గోల, ఈ గోల. తీరా ఇంటికెళ్లి పెట్టె ఖాళీ చేస్తే, మూత జేబులో ఉంది రుమాలు! ముడివేసి, బొత్తాం పెట్టి మరీ!"

ఎంతయింది అని అడిగింది ఆ పెళ్లికూతురు. రుమాలు పెట్టెలో పెట్టినందుకు ఎంతయిందని అడగడమేమిటని ఇరవై ఏళ్లుగా కినుయోకి అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. ఆవిడ అబద్ధం ఆడలేదు, తనూ ఆడలేదు. ఒక్క మాట. రోజుకి వందసార్లు నోట్లోంచి వచ్చే మాట. దానికి తన బతుకంతా పోయింది. అది తలుచుకోగానే తేలికపడాల్సింది పోయి ఒళ్లంతా ఇంకా భగ్గుమంది.

"దొరికింది కదా" అంది కినుయో. "దొరికాక నోరు కుట్టేసుకున్నావా? ఒక్క ఫోను చెయ్యడానికి చేతులు పడిపోయాయా?"

మీరు కాస్తా నువ్వయింది. మినెకో నవ్వు ఆగింది.

"చేశానండీ. దొరికిన నిమిషంలోనే చేశాను. ఎంత సిగ్గుపడ్డానో! విడిది యజమానురాలే ఎత్తింది. తెగిన దండ తెగినట్టే ఉంది, మరి చక్కబెట్టానందేమిటని అడిగితే ఆవిడ ఒకటే నవ్వు. ఇక్కడ ఆ మాటకి అర్థం ఇదీ అని ఆవిడే చెప్పింది. ఆ పిల్లని ఏమీ అనలేదు కదా అంటే, అయ్యో లేదమ్మా, పక్కనే ఉంది, తనూ నవ్వుతోంది అంది. ఆ పిల్ల పేరున టోక్యో నుంచి మిఠాయిపెట్టె కూడా పంపాను."

కినుయో పారెడు ఇసుక తీసి మినెకో గుండెల మీద పోసింది. ఎందుకు పోసిందో ఆమెకే తెలియదు. చేతులు ఊరుకోలేదు, అంతే.

"ఎవరు నవ్వింది?"

"ఆ పిల్ల..."

"నేను! ఆ పిల్లని నేను! నేను నవ్వానా? నువ్వు చూశావా నేను నవ్వడం? నాతో ఒక్క మాట మాట్లాడతానని అడగలేకపోయావా?"

మినెకో మొహం ఇసుకలో పాలిపోయింది. కదలబోయింది గానీ ఇసుక బరువుకి చెయ్యి లేవలేదు. మసూ అక్క పరుగెత్తుకొచ్చి పార పట్టుకుంది.

"కినూ, వద్దే! అతిథే!"

"అక్కా, నువ్వూ అప్పుడక్కడే పనిచేశావుగా. మిఠాయిపెట్టె వచ్చిందా? నిజం చెప్పు."

మసూ అక్క పార వదిలేసింది. చాలాసేపు ఆలోచించక్కర్లేకపోయింది, పాపం.

"ఎర్ర కాయితం చుట్టిన పెట్టె" అంది మెల్లగా. "అమ్మగారు అందరికీ పంచారు. ఎవరో పాత అతిథులు పంపారన్నారు. నేనూ తిన్నానే."

అంటే ఫుసాకి తెలుసు. ఆ వారంలోనే తెలుసు. తెలిసి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది. పెళ్లి సంబంధం తప్పినప్పుడు తెలుసు, యామగవా పొగలో కినుయో కళ్లు మండినప్పుడు తెలుసు. వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకుని వెళ్లేది చూడండి, అప్పుడూ తెలుసు. ఇరవై ఏళ్లు టోక్యో వాళ్ల మీద పోసిన తిట్లన్నీ వృథా. ఇల్లు తగలబెట్టింది పక్కింటివాళ్లే.

"లే" అంది కినుయో. రెండు చేతులతో ఇసుక తవ్వి మినెకోని బయటికి లాగింది. "నడు. ఆవిడ ముందు ఇదంతా చెప్పాలి."

"ఈ బట్టలతోనా? స్నానం చేసి..."

"నేను ఇరవై ఏళ్లాగాను. నువ్వు ఒక్క స్నానం ఆగలేవా?"

మినెకో తడిసి ఇసుక కరుచుకున్న కిమోనోని ఒంటికి గట్టిగా చుట్టుకుని వెనకాలే నడిచింది. హమసాకి అడ్డొచ్చాడు.

"పని మధ్యలో ఎక్కడికి? వెళ్లావంటే మళ్లీ రానవసరం లేదు!"

"బుట్టలు జాగ్రత్తగా చూసుకో మేస్త్రీ" అంది కినుయో. ఆగకుండానే అంది.

పనిచేసిన రోజుల్లో ఇసోజిమా విడిదికి ఆమె ఎప్పుడూ వెనక గుమ్మం నుంచే వెళ్లేది. ఈసారి ముందు గుమ్మం నుంచి, ఇసుక కాళ్లతో, చెప్పులు కూడా విడవకుండా మెరుగుపెట్టిన చెక్కనేల మీదికి ఎక్కింది. అప్పుడే బస్సు దిగిన అతిథులు హాల్లో టీ తాగుతున్నారు. డెబ్బై దాటిన ఫుసా, మడత నలగని కిమోనోలో, మోకాళ్లు నొప్పని ఈమధ్య వేయించుకున్న చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని అందరికీ నమస్కారాలు పెడుతోంది. కోడలు పరుగున వచ్చి "ఏయ్, ఏయ్, చెప్పులు!" అంది. కినుయో ఆమెను పక్కకి తోసింది.

"అమ్మగారూ. ఈవిడ గుర్తుందా?"

ఫుసా చూసింది. కినుయోని చూసింది, వెనక ఇసుక బొమ్మలా నిలబడిన ఆడమనిషిని చూసింది. "ఎంతోమంది వస్తుంటారు, ఎవరని గుర్తు..." అంటూ నవ్వబోయింది.

"ముత్యాల దండ" అంది మినెకో. ఆవిడకీ ఇప్పుడు కోపం వచ్చేసింది, దారిపొడుగునా కినుయో చెప్పింది వింటూ వచ్చింది. "నేనేనండీ. పెట్టె మూతలో దొరికిందని మీకు ఫోన్ చేశాను. ఆ పిల్ల పక్కనే నిలబడి నవ్వుతోందన్నారు. ఈవిడేమో తనని అప్పటికే గెంటేశారంటోంది. ఎవరి నవ్వు వినిపించారు నాకు?"

టీ కప్పుల చప్పుడు ఆగిపోయింది. ఫుసా చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"కినుయో, లోపలికి రా తల్లీ. టీ తాగుతూ మాట్లాడుకుందాం. అతిథుల ముందు ఇలా ఎదురు..."

"ఎదురే చెప్తాను! ఇవాళ ఎదురే చెప్తాను. ఒక్కటే అడుగుతున్నా. ఈవిడ ఫోనెప్పుడొచ్చింది? మా అమ్మ నీ వెనక గుమ్మానికి రాకముందా, వచ్చాకా?"

కోడలు అత్త మొహం వంకే చూస్తోంది. బస్సు దిగిన వాళ్లలో ఎవరో దగ్గారు.

"చెప్పు!"

"వచ్చాక" అంది ఫుసా. "రెండ్రోజులకి."

రెండ్రోజులు. రెండ్రోజులు ఉతికి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ఉతికిన ప్రతి దుప్పటీ, జాడించిన ప్రతి కిమోనో, పగిలిన ప్రతి వేలూ, ఈవిడకి తెలిసి, ఈవిడ కళ్ల ముందు.

"నేను పిలవలేదే" అంది ఫుసా. "తనంత తనే వచ్చింది. చెబుదామనే అనుకున్నాను. అందరి ముందూ నిన్ను దొంగన్నాక, ఎలా చెప్పను? నా మాట ఏం కావాలి? విడిది పరువేం కావాలి? ఇవాళ కాదు రేపు, రేపు కాదు పండక్కి అనుకుంటూ..."

"పరువా? మా అమ్మ చేత ఉతికించుకున్నావు నీ పరువు. చాకలి ఖర్చు కూడా లేకుండా!"

ఫుసా పీట మీంచి దిగింది. నెమ్మదిగా, నొప్పికి పళ్లు బిగించి, చాప మీద మోకాళ్లేసింది. రెండు అరచేతులూ ఆనించి, నుదురు నేలకి తాకించింది.

"కినుయో దొంగ కాదు" అంది. అందరికీ వినపడింది. "దండ తియ్యలేదు. నాకు మొదటినుంచీ తెలుసు. తప్పు నాది."

హాల్లో కోడలుంది, పనివాళ్లున్నారు, గుమ్మం దగ్గర కూరలబ్బాయి, తపాలా మనిషి ఉన్నారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లుగా కినుయో కోరుకున్నది ఈ ఒక్క మాటే. ఇది వినపడిన రోజున ఏడుస్తాననుకుంది, గుండె మీది బరువు దిగుతుందనుకుంది. ఏడుపు రాలేదు. బరువూ దిగలేదు. ఆ మాట వినాల్సింది తను కాదు. తను తియ్యలేదని తనకెప్పుడూ తెలుసు.

"నాకెందుకు చెప్తున్నావు?" అంది. "లే. కొండమీదికి పద. తీశావా అని నన్నడిగి పోయింది మా అమ్మ. వెళ్లి ఆవిడకి చెప్పు."

కోడలు ముందుకొచ్చింది. "అన్ని మెట్లు అత్తయ్య ఎక్కలేరు. డాక్టరు వద్దన్నారు. ఆవిడ మోకాళ్లు..."

"మా అమ్మకీ ఉండేవి మోకాళ్లు" అంది కినుయో.

మినెకో మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఆమె వంక కినుయో చూడను కూడా లేదు. ఫుసా గోడ పట్టుకుని లేచి, గుమ్మం దాకా వచ్చి, చెప్పుల కోసం తడుముకుంది. కోడలు వంగి అందివ్వబోతే వద్దంది. కుడికాలి చెప్పు వేసుకోవడానికే చాలాసేపు పట్టింది. కినుయో బయట ఎండలో నిలబడి, ఎడమకాలిది కూడా అయ్యేదాకా ఎదురుచూసింది.